గోడమీది ముఖాలు



మన చెన్నపట్నంలో కొత్తగా కడుతున్న ఏ ఇంటి ముందైనా ఒక్క నిమిషం నిలబడి తలెత్తి చూడండి. సారువ కర్రల మధ్య నుంచి ఒక ముఖం మిమ్మల్ని చూస్తూ ఉంటుంది. గుడ్లురుముతున్న కళ్లు, మెలితిరిగిన మీసాలు, బయటికి వచ్చిన కోరలు, వేలాడే ఎర్రని నాలుక. మనం దాన్ని దిష్టిబొమ్మ అంటాం. తమిళులు తిరుష్టి బొమ్మై అంటారు. అటు సత్యవేడు, నగరి, సూళ్లూరుపేట వెళ్లినా, ఇటు గుమ్మిడిపూండి, తిరుత్తణి, పళ్లిపట్టు వచ్చినా అదే ముఖం. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ఇటు వచ్చింది, సత్యవేడు అటు వెళ్లింది. ఊళ్లు, పొలాలు, కచేరీలు పంచుకున్నారు గాని దిష్టిబొమ్మను మాత్రం ఎవరూ పంచుకోలేదు. అది రెండు వైపులా అలాగే ఉండిపోయింది.

ఆ ఇంటి పని పూర్తయి, గృహప్రవేశం జరిగి, మనల్ని భోజనానికి పిలిచారనుకోండి. లోపల హాల్లో గోడమీద ఇంకో ముఖం కనబడుతుంది. అది చేర్యాల ముఖం కావచ్చు, బెంగాల్ పురూలియా వైపు ఛౌ నాట్యంలో వేసుకునే ముఖం కావచ్చు. కొందరి ఇళ్లలో ఆఫ్రికా నుంచి తెచ్చుకున్న నల్లని కొయ్య ముఖం కూడా చూస్తాం. బయటి ముఖం కాపలా కోసం, లోపలి ముఖం అందం కోసం. బయటిదాన్ని చూసి మనం కాస్త జంకుతాం. లోపలిదాన్ని చూసి, బాగుందండీ, ఎక్కడ కొన్నారు, ఎంతైంది అని అడుగుతాం.

ఈ రెండు ముఖాలూ ఒక జాతివేనా? తొడుక్కోవడానికి పుట్టిన ముఖం గోడ ఎక్కి ఎందుకు కూర్చుంది? ఆ ప్రయాణంలో పోయిందేమిటి, మిగిలిందేమిటి? ఈనాటి ప్రసంగంలో ఈ సంగతులు ముచ్చటించుకుందాం.

మొదట ఒక మాట. మాస్కు అనగానే ఈ కాలపు పిల్లలకు 2020లో మూతికి కట్టుకున్న గుడ్డ గుర్తుకు వస్తుంది. అది మనిషిని దాచే గుడ్డ, మనిషిని కాపాడే గుడ్డ. మనం మాట్లాడుకోబోయే ముఖం అలాంటిది కాదు. అది ఒక మనిషిని దాచి, ఇంకొకరిని బయటికి తెస్తుంది.

ముందుగా మనకు బాగా తెలిసిన చోటికే వెళ్దాం. తిరుపతి గంగజాతర మీలో చాలామంది చూసే ఉంటారు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు, పేరంటాలు, ఇలా రోజుకొక వేషం. మొక్కుకున్న మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టి, ఆడవేషంలో అమ్మవారి దగ్గరికి వస్తారు. చివరికి తాతయ్యగుంట గుడి ముందు అమ్మవారి విశ్వరూపం మట్టితో నిలుస్తుంది. చూడటానికి రెండు కళ్లూ చాలవు. అయితే ఆ ముఖం ఎంతసేపు ఉంటుంది? తెల్లవారేసరికి పేరంటాలు వేషంలో ఉన్న వ్యక్తి వచ్చి అమ్మవారి చెంప తొలగిస్తారు. ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. ప్రసాదంగా ఇంటికి తీసుకుపోతారు.

అలాగే చిత్తూరు సీమలో ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఆఖరున దుర్యోధన వధ. నేలమీద పడుకున్నట్టు మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి చేస్తారు. భీముడి వేషగాడు గద తిప్పుతూ ఆ విగ్రహం చుట్టూ తిరిగి తొడమీద కొడతాడు. ఆట ముగిశాక ఆ మట్టిని కూడా జనం తీసుకువెళతారు. తమిళనాట ఉత్తరపు జిల్లాల ద్రౌపది అమ్మన్ గుళ్లలోనూ ఇదే పద్ధతి.

ఇక్కడ మీరు ఒకటి గమనించాలి. ఈ ముఖాలను ఎవరూ దాచుకోరు. ఎంత అందంగా చేసినా సరే, పని ముగిశాక మట్టి మట్టిలో కలవాలి. మళ్లీ ఏడు మళ్లీ చేసుకోవాలి. చేసే చేయి ఉన్నంతకాలం ముఖం ఉంటుంది. కాబట్టి దాన్ని మ్యూజియంలో పెట్టే అవసరం ఆ ఊళ్లవాళ్లకు ఎన్నడూ తోచలేదు.

ఇక రెండో రకం ముఖాలున్నాయి. వాటిని పారేయరు, అలాగని గోడకూ తగిలించరు. అవి ఏడాది పొడవునా నిద్రపోతాయి. ఒక్క రాత్రి మేల్కొంటాయి. అలాంటి ముఖం ఒకటి మన తెలుగువాళ్లదే, తమిళనాడు నడిబొడ్డున ఉంది. తంజావూరు దగ్గరి మెలట్టూరు నరసింహస్వామి ముఖం.

తంజావూరును నాయకరాజులు ఏలిన కాలంలో అక్కడ ఆస్థాన భాష తెలుగు. పదహారో శతాబ్దం రెండో భాగంలో అచ్యుతప్ప నాయకుడు అయిదు వందల పది బ్రాహ్మణ కుటుంబాలకు ఇల్లు, పొలం, నుయ్యి ఇచ్చి ఒక అగ్రహారం ఏర్పాటు చేశాడని ఆ ఊరివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆయన పేరు మీద దాన్ని అచ్యుతపురం అన్నారు. అదే నేటి మెలట్టూరు. నాయకరాజులు 1673లో పోయారు. వారి తర్వాత మరాఠా రాజులు వచ్చారు. వారి ఏలుబడి 1855లో ముగిసింది. రాజులు మారినా తెలుగు నాటకం మాత్రం ఆగలేదు. ఆ ఊళ్లోనే పుట్టిన మెలట్టూరు వెంకటరామశాస్త్రి, త్యాగరాజస్వామి కాలానికి దగ్గరివాడు, తెలుగులో నృత్యనాటకాలు రాశాడు. ప్రహ్లాద చరిత్రము, ఉషాపరిణయము, హరిశ్చంద్ర, మార్కండేయ, రుక్మాంగద చరిత్రము వాటిలో కొన్ని. వీటినే భాగవతమేళ నాటకాలు అంటారు. కూచిపూడివాళ్లకు భామాకలాపం ఎలాగో వీళ్లకు ప్రహ్లాద చరిత్రం అలాగ.

ఏటా వైశాఖ శుద్ధ చతుర్దశి, అంటే నరసింహ జయంతి సందర్భంగా, వరదరాజ పెరుమాళ్ గుడి ముందు ఈ నాటకం ఆడతారు. సంప్రదాయం ప్రకారం ఆడవేషాలు కూడా మగవాళ్లే వేస్తారు. కొడుకు కోసం విలపించే లీలావతిగా ఒక మగవాడు నిలబడితే, ముందు వరుసలోని ముసలమ్మలు కొంగుతో కళ్లు ఒత్తుకుంటారు. నాటకం రాత్రంతా సాగుతుంది. స్తంభం పగిలి నరసింహుడు బయటికి వచ్చే ఘట్టానికి తెల్లవారుజాము అవుతుంది.

ఆ నరసింహ ముఖం మామూలు రోజుల్లో గుడిలో ఉంటుంది. దానికి పూజ జరుగుతుంది. ఆ వేషం వేసే వ్యక్తి ఆ రోజు ఉపవాసం ఉండాలి. ముఖం తొడుక్కున్న క్షణం నుంచి అతను ఫలానావారి అబ్బాయి కాడు. ఊరందరికీ స్వామి. హిరణ్యకశిపుడి మీదికి దూకబోయే ఆ వేషధారిని పక్కనున్నవాళ్లు గట్టిగా పట్టుకుని ఆపవలసి వస్తుంది. హిరణ్యకశిపుడి వేషం వేసినవాడికి కూడా అది నటన అనిపించదు. ఇప్పుడు చెప్పండి, ఆ ముఖాన్ని ఎవరైనా హాల్లో గోడకు తగిలించుకోగలరా? ఆ ఊళ్లో ఆ మాట అనడానికే ఎవరికీ నోరు రాదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ నాటకాలు కనుమరుగు కాబోతున్న దశలో మద్రాసు న్యాయవాది ఇ. కృష్ణయ్యర్ వీటి గురించి రాసి, మాట్లాడి, నలుగురి దృష్టికి తెచ్చారు. కళాక్షేత్రంలో రుక్మిణీదేవి అరండేల్ ఉషాపరిణయం వంటి భాగవతమేళ నాటకాలను తన విద్యార్థులతో ఆడించారు. అలా మెలట్టూరు పేరు మన పట్నంలో వినబడింది.

శ్రోతలారా, ఇప్పుడు ఇక్కడి నుంచి సముద్రాలు దాటి పడమటి ఆఫ్రికా వెళ్దాం. అక్కడ సియెర్రా లియోన్ అనే దేశం ఉంది. ఆ దేశపు దక్షిణ, తూర్పు ప్రాంతాల్లో మెండే ప్రజలు ఉంటారు. దేశంలోని పెద్ద జాతుల్లో వాళ్లదొకటి. వాళ్లలో సాండే అనే స్త్రీల సంఘం ఉంది. ఈడొచ్చిన ఆడపిల్లలను ఊరికి దూరంగా తీసుకుపోయి, ఇల్లాలి పనులు, పెద్దల మర్యాదలు, ఆటపాటలు నేర్పి, స్త్రీలుగా తిరిగి ఊరికి తీసుకువస్తారు. ఆ సందర్భంలో సంఘం పెద్దలలో ఒక స్త్రీ నల్లని కొయ్య ముఖం తొడుక్కుని, ఒంటినిండా నల్లరంగు వేసిన నారదుస్తులు వేసుకుని నాట్యం చేస్తుంది. ఆ ముఖానికీ, దాని వెనుక ఉన్న శక్తికీ సోవెయి అని పేరు.

ఈ సోవెయి ముఖం కళ్ల వరకే కప్పేది కాదు. బోర్లించిన కుండలాగా తల మొత్తాన్ని మూస్తుంది. తేలికైన కొయ్యతో దాన్ని చెక్కుతారు. తర్వాత నల్లరంగు పట్టించి, నూనె రాసి నిగనిగలాడేటట్టు మెరుగుపెడతారు. దాని రూపంలో ప్రతి గీతకూ అర్థం ఉంది. నుదురు విశాలం, అది తెలివికి గుర్తు. కళ్లు దించి ఉంటాయి, అది నిగ్రహం. నోరు చిన్నది, మూసి ఉంటుంది. ఒకరి మీద ఒకరికి చాడీలు చెప్పకూడదని దానికి అర్థం. జుట్టు చక్కగా పాయలు తీసి అల్లి ఉంటుంది, క్రమశిక్షణ గల ఇల్లాలు అన్నట్టు. మెడ చుట్టూ వలయాలు. అవి ఆరోగ్యంగా, నిండుగా ఉన్న మెడ ముడతలని కొందరంటారు. నీళ్లలో నుంచి ఆ దేవత పైకి లేచినప్పుడు చుట్టూ ఏర్పడిన అలలని మరికొందరంటారు. రెండర్థాలూ ఆ చెక్కడంలో ఇమిడి ఉన్నాయి.

ప్రపంచంలో చాలాచోట్ల ముఖం తొడుక్కునే హక్కు మగవాళ్లదే. మెండేలలో ఈ ముఖాన్ని చెక్కేది మగవాడు, తొడుక్కునేది స్త్రీ. మన తిరుపతిలో అమ్మవారి కోసం మగవాడు చీర కడితే, అక్కడ కొయ్య ముఖం తొడుక్కున్న స్త్రీ ముందు ఊరు ఊరంతా తలవంచుతుంది. ఎదురుబొదురు దారుల్లో వచ్చి ఒక్కచోటే కలిసినట్టుంది కదా! అయితే ఒక సంగతి దాచకూడదు. ఆ దీక్షలో ఆడపిల్లల శరీరానికి కోత పెట్టే ఆచారం కూడా ఉంది. దాన్ని ఆ దేశపు స్త్రీలే ఎందరో ఈనాడు ఎదిరిస్తున్నారు. ముఖం అందమైనది గనుక దాని వెనుక ఉన్నదంతా అందమే అనుకోరాదు. మన జాతర్లకూ ఆచారాలకూ కూడా ఇదే మాట వర్తిస్తుంది.

మరి ఆ ముఖం గోడ ఎలా ఎక్కింది? 1886లో లండన్‌లో ఒక పెద్ద ప్రదర్శన జరిగింది. ఆంగ్లేయులు తమ వలస దేశాల నుంచీ, ఇండియా నుంచీ తెచ్చిన వస్తువులన్నీ అందులో పెట్టారు. ఆల్‌డ్రిడ్జ్ అనే వర్తకుడు సియెర్రా లియోన్‌లో సేకరించిన ఒక సోవెయి ముఖం ఆ ప్రదర్శనకు వెళ్లింది. ఆ ఏడాదే అది బ్రిటిష్ మ్యూజియం చేరింది. ఈనాటికీ అక్కడే ఉంది. అదే ప్రదర్శనలో మన దేశం నుంచి ఏం పెట్టారో తెలుసా? మనుషుల్ని పెట్టారు. ఆగ్రా జైలు నుంచి ముప్పైమందికి పైగా పనివాళ్లను తీసుకుపోయి, నేతగాళ్లను, కుమ్మరులను, తివాచీలు అల్లేవాళ్లను కూర్చోబెట్టి పని చేయించారు. జనం చుట్టూ నిలబడి చూశారు. ఆఫ్రికా నుంచి మనిషి లేని ముఖం వచ్చింది. ఇండియా నుంచి మనుషులే బొమ్మలై వచ్చారు. అలంకార కళ అనే మాట వెనుక ఇంత చరిత్ర ఉంది.

అక్కడి నుంచి కథ వేగంగా నడిచింది. 1907లో పారిస్ మ్యూజియం ఒకదానిలో ఆఫ్రికా ముఖాలను చూసి చిత్రకారుడు పికాసో చలించిపోయాడు. ఆయన బొమ్మల తీరే మారింది. ధనవంతుల ఇళ్లలో ఆ ముఖాలకు చోటు దొరికింది. గిరాకీ పెరిగేసరికి, ఎవరూ ఎన్నడూ తొడుక్కోని ముఖాలు అమ్మకం కోసమే తయారుకావడం మొదలైంది.

మన పట్నంలో కూడా ఈ కథ జరిగింది. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు మద్రాసులో చిత్రకళా పాఠశాల పెట్టాడు. 1851లో మ్యూజియం వచ్చింది. ఎగ్మూరులో ఈనాటికీ చూడవచ్చు. అప్పటిదాకా గుడి పని, రథం పని, పందిరి పని అంటూ ఉన్న చేతిపని, ఆ తర్వాత కళాఖండం, నమూనా, ప్రదర్శన వస్తువు అయింది. 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ సముద్రపుటొడ్డున చోళమండలం కళాకారుల గ్రామం స్థాపించినప్పుడు, చిత్రకారులు చేతిపని వస్తువులు చేసి అమ్మి, ఆ సొమ్ముతో తమ చిత్రాలు వేసుకున్నారు. 1973లో తమిళనాడు ప్రభుత్వం చేతిపనుల సంస్థ పెట్టింది. దాని దుకాణాలనే మనం పూంపుహార్ అంటాం. అటు ఆంధ్ర వైపు లేపాక్షి దుకాణాలు. 1996లో ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర తెరిచారు. అక్కడ తమిళ ఇళ్లతో పాటు మన ఆంధ్ర ఇళ్లు కూడా నిలబెట్టి ఉంచారు. పిల్లల్ని తీసుకువెళ్లదగ్గ చోటు.

ఇదంతా విని, గోడమీది ముఖం అంటే తప్పు అని చెబుతున్నానని అనుకోకండి. చేర్యాల సంగతే చూడండి. తెలంగాణలోని ఆ ఊరి నకాషీ కళాకారులు కులపురాణాలు చెప్పేవాళ్ల కోసం పొడవైన గుడ్డల మీద కథలు రాసేవారు. కథకు కావలసిన బొమ్మలూ చేసేవారు. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, కథ చెప్పించుకునేవాళ్లు తగ్గిపోయారు. అప్పుడు వాళ్లను నిలబెట్టినవాటిలో గోడమీది చిన్న ముఖాలు కూడా ఉన్నాయి. కొబ్బరి చిప్పను తీసుకుని, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో ముక్కు, చెవులు, పెదవులు దిద్ది, ఆరబెట్టి, రంగులు వేస్తారు. నుదుట పెద్ద బొట్టు, ముక్కుకు ముక్కెర, బుగ్గన చుక్క, పెద్దపెద్ద కళ్లు. ఆ ముఖం ఏ దేవతదీ కాదు. అది మన పొరుగింటి అమ్మది, పక్క వీధి పెదనాన్నది. అది గోడకోసమే పుట్టింది. దాన్ని గోడకు పెట్టుకోవడంలో ఏ అపచారమూ లేదు. పైగా ఒక ఇంటి పొయ్యి వెలుగుతుంది. మన సరిహద్దు పక్కనే, ఏర్పేడు దగ్గరి మాధవమాలలో కొయ్య విగ్రహాలు చెక్కే కుటుంబాలున్నాయి. వాళ్ల ఉలి ఆగకుండా ఉండాలంటే గుళ్లు ఒక్కటే చాలవు. మన ఇళ్లూ కావాలి.

కనుక తప్పు గోడది కాదు. ముఖం గోడమీద ఉండి, దాని పేరు ఆ ఇంట్లో ఎవరికీ తెలియకపోవడమే తప్పు.

ఈ మాట అంటున్నప్పుడు నాకు ముఖాలతో పాటు మన భాష కూడా గుర్తుకొస్తుంది. నేను రెండు భాషల్లో పాఠం చెబుతాను. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఉంటున్న నేల భాష నేర్చుకోవడం మన పిల్లలకు మేలే, దానిలో పేచీ లేదు. కాని నా దగ్గరికి వచ్చే తెలుగు పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు క్యాలెండరు గోడకు వేలాడుతుంటుంది. ఉగాదినాడు కొత్తది తెచ్చి పాతది తీసేస్తారు. దానిమీద తిథి చదవమంటే పిల్లవాడు అమ్మ వంక చూస్తాడు, అమ్మ అమ్మమ్మ వంక చూస్తుంది. నోట మాట ఉంది, కంటికి అక్షరం లేదు. క్యాలెండరు గోడమీది ముఖమైపోయింది.

మెలట్టూరులో చుట్టూ వినిపించేది తమిళమే. అయినా ఏటా ఆ రాత్రి తెలుగు దరువులు పాడతారు, తెలుగు సంవాదాలు పలుకుతారు. నాలుగు వందల ఏళ్లకు పైగా తెలుగుదేశానికి దూరంగా ఉన్న ఊరు అది. వాళ్లకు మనలాగా పక్కనే తెలుగు బస్సు ఆగదు, తెలుగు సంత లేదు. అయినా ఎలా నిలిచింది? వాళ్లు ఆ భాషను దాచిపెట్టి చూసుకోలేదు. ఏడాదికొకసారైనా తొడుక్కుని, చెమటోడ్చి, తెల్లవార్లూ ఆడారు. తండ్రి ప్రహ్లాదుడి వేషం వేస్తే కొడుకు కూడా ఆ వేషం వేశాడు. మాటలకు అర్థం అడిగి నేర్చుకున్నాడు.

కాబట్టి శ్రోతలకు నాదొక చిన్న మనవి. మీ ఇంట్లో గోడమీద ఏదైనా ముఖం ఉంటే, ఈ వారం మీ పిల్లల్ని దాని ముందు నిలబెట్టి మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎవరి ముఖం? ఎవరు చేశారు? ఎప్పుడు, ఎందుకు తొడుక్కుంటారు? జవాబు తెలియకపోతే మీరూ వాళ్లూ కలిసి కనుక్కోండి. అటువైపు వెళ్లినప్పుడు మాధవమాలలో ఆగి, ఉలి పట్టిన మనిషితో రెండు మాటలు మాట్లాడండి. వచ్చే గంగజాతరకు పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకుని తీసుకుపోయి ఏ వేషం ఏమిటో పేరుపేరునా చెప్పండి. వీలైతే ఒక్క నరసింహ జయంతికి మెలట్టూరు వెళ్లిరండి. రాత్రంతా మేలుకోవడం కష్టమే, కాని వేసవి రాత్రి, ఆరుబయట, తమిళనేల మధ్య మన మాట వినబడుతుంటే నిద్ర రాదు.

ఇక ఆ తెలుగు క్యాలెండరు సంగతి. రేపు పొద్దున దానిమీది తిథి, వారం, నక్షత్రం మీ పిల్లవాడిచేత కూడబలుక్కుంటూనైనా చదివించండి. రోజుకు ఒక్క గడి చాలు.